సబ్బుకు ఎర్రబడని పసుపు

హోమియోపతి మీద నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే చివరిదాకా చదివినవాళ్లు నేను మతం మార్చుకున్నానని అనుకుంటారు. నేను ఆర్మూర్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఒక్క అణువు కూడా మిగలని నీళ్లలో మందు ఉందంటే ఒప్పుకోవడం నా వల్ల కాదు. అయినా ఈ ఊళ్లో ఎవరికైనా చేతులెత్తి మొక్కాల్సి వస్తే, మొదట ఒక హోమియో డాక్టరుకే మొక్కుతాను.

ఆయన దవాఖాన పాత బస్టాండు వెనక సందులో ఒకే ఒక గది. గోడ పొడవునా చెక్క బీరువా, అందులో వేలెడంత సీసాలు వందల కొద్దీ. ఆయనకు డెబ్బై దాటాయి. పోచంపాడు డ్యాం కాలనీలో పెరిగి, హైదరాబాదులో హోమియో కాలేజీలో చదివి, ఇక్కడికొచ్చి బోర్డు పెట్టుకున్నారు. బోర్డు మీద అక్షరాలు ఎప్పుడో వెలిసిపోయాయి కానీ, డాక్టర్ సాబ్ ఎక్కడ అంటే మా వైపు ఎవరైనా చూపిస్తారు. మా అమ్మ పదిహేనేళ్లుగా ఆయన దగ్గరికే వెళ్తుంది. జలుబైనా, మోకాలి నొప్పైనా, నా మీద కోపమొచ్చినా అక్కడికే.

అమ్మది పసుపు పని. ఫిబ్రవరి మొదలుకొని ఏప్రిల్ దాకా మా ఊళ్లో గాలి కూడా పచ్చగానే ఉంటుంది. ఉడికించి ఎండబెట్టిన పసుపును పెద్ద డ్రమ్ముల్లో తిప్పి పాలిష్ పట్టిస్తారు. ఆ తర్వాత కుప్పల ముందు ఆడవాళ్లు కూర్చుని కొమ్ములు ఒక పక్కకు, గుండ్రటి మండలు ఒక పక్కకు ఏరుతారు. సీజన్‌లో అమ్మ చేతులు మోచేతుల దాకా పసుపు. దిండు గలీబు పసుపు. నేను దిద్దడానికి ఇంటికి తెచ్చుకున్న జవాబు పత్రాల మీద కూడా ఆమె వేలిముద్రలు పడేవి. "నాకు జీతం వస్తోంది కదమ్మా, మానెయ్యి" అంటే, "ఇంట్ల కూసుంటే కాళ్లు పట్టుకుంటయ్ బిడ్డా" అనేది. ఈ మాట మీద మేమిద్దరం ఏటా తగువు పడేవాళ్లం. ఏటా ఆమే గెలిచేది.

ఆ పసుపు చేతులతో హోమియో గోలీలు వేసుకోవడం ఒక పెద్ద తంతు. గోలీలను చేత్తో తాకకూడదని సాబ్ నియమం. సీసా మూతలోకి నాలుగు వంచుకుని, మూతతోనే నోట్లో వేసుకోవాలి. అలా చెప్పినా ఎవరు వింటారు? అందరూ అరచేతిలో పోసుకునేవాళ్లు. దాంతో తెల్లటి చక్కెర గోలీలు చిటికెలో పచ్చబడేవి. ఒకసారి అమ్మతో పనిచేసే ఆమె సాబ్ మీదికి కొట్లాటకు వెళ్లిందట: "మా చెల్లెకు తెల్ల గోలీలిచ్చి నాకు పచ్చయి ఇస్తవా సాబ్? నాయి పాతయా?" సాబ్ ఆమె అరచేయి తిప్పి ఆమెకే చూపించారట.

ఇంకో గొడవ "పవర్" అనే మాటతో. హోమియోలో మందును ఎంత పలుచన చేస్తే అంత బలం అంటారు. ఆ మెట్లకు ముప్ఫై, రెండువందలు అని అంకెలుంటాయి. మా వాళ్లకు అంకె పెద్దదైతే చాలు. "సాబ్, గింత తోవ నడిచొచ్చిన, జర పెద్ద పవరియ్యి" అని అడిగేవాళ్లు. పెద్ద పవర్ అంటే మందు తక్కువ ఉన్నదని నాకు తెలిసినప్పుడు పడీపడీ నవ్వాను. ఊరంతా కష్టపడి అడిగి మరీ ఖాళీ గోలీలు తెచ్చుకుంటోందన్నమాట.

నేను ఆ గదిలో మొదటిసారి అడుగుపెట్టింది అమ్మ మోకాలి నొప్పప్పుడు. సెలవు రోజు, బయట ఎండ, లోపల కదలని ఫ్యాను. సాబ్ తాపీగా కలం మూత తీసి అడగడం మొదలుపెట్టారు.

"చెల్లే, నొప్పి పొద్దుగాల ఎక్కువుంటదా, మాపటికి ఎక్కువుంటదా? నడుస్తుంటే తక్కువైతదా? ఏ పక్కకు పండుకుంటవ్? ఉప్పు మీద మనసు పోతదా, తీపి మీదనా? ఉరుములొస్తే భయమైతదా? కలలు పడ్తయా?"

అమ్మ అన్నింటికీ ఓపిగ్గా, ఇష్టంగా జవాబు చెబుతోంది. నాకు ముక్కు మీద కోపం. ఉగ్గబట్టుకుని పావుగంట కూర్చుని, ఇక ఆగలేక అడిగేశాను.

"మోకాలి నొప్పికి కలలెందుకు సాబ్?"

ఆయన కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు. "మోకాలు ఒక్కటే నడుచుకుంట రాలే కదా బేటీ. మనిషంత వచ్చింది."

మాటల్లో ఓడిపోవడం నాకు అస్సలు పడదు. ఇంటికెళ్లి హోమియోపతి గురించి దొరికిందల్లా చదివాను, ఆయన్ని ఓడించడానికే. ఆ తర్వాత చాలా ఆదివారాలు అమ్మను తోడు తీసుకెళ్తున్నాననే వంకతో వెళ్లి ఆయనతో వాదన పెట్టుకున్నాను. ఆయనకది సరదా. నేను రాగానే ఇరానీ చాయ్ తెప్పించేవారు. రోగులకు మాత్రం కాఫీ, పచ్చి ఉల్లి, ఘాటైన వాసనలు వద్దని చెప్పేవారు. "వాసన వద్దంటే ఎట్ల సాబ్? ఊరంతా పసుపు వాసనే కదా" అంటే, "గందుకే ఇక్కడ నా గోలీలు సగమే పని చేస్తయ్" అని తన మీద తనే జోకు వేసుకునేవారు.

హోమియోపతి పుట్టుక కథ నేను పుస్తకంలో చదివినదానికంటే ఆయన నోట విన్నదే బాగుంటుంది. రెండు వందల ఏళ్ల కిందట జర్మనీలో ఒక డాక్టరు. పెద్ద చదువు చదివినవాడే. ఆ రోజుల్లో వైద్యమంటే జలగలు పెట్టి రక్తం తీయడం, పాదరసం తాగించడం. రోగంతో పోయేవాళ్లకంటే వైద్యంతో పోయేవాళ్లే ఎక్కువని ఆయనకు అనిపించిందట. ఆ పని చేయలేక ప్రాక్టీసు మానేసి, పుస్తకాలు అనువాదం చేసుకుంటూ పిల్లల్ని సాకాడు. అలా ఒక పుస్తకం అనువదిస్తుండగా, మలేరియా జ్వరానికి సింకోనా బెరడు పనిచేసేది దాని చేదు వల్లనే అని రాసి ఉంది. ఆయనకు నచ్చలేదు. చేదు వస్తువులు లోకంలో ఎన్ని లేవు! నిక్షేపంగా ఉన్న మనిషి ఆ బెరడును తానే తిని చూశాడు. చేతులూ కాళ్లూ చల్లబడి, గుండె దడదడలాడి, అచ్చం ఆ జ్వరం లాంటిదే వచ్చిందట. అక్కడినుంచి ఆయనకు తట్టిన ఆలోచన ఇది: ఆరోగ్యవంతుడిలో ఏది ఏ బాధ పుట్టిస్తుందో, రోగిలో అలాంటి బాధను అదే తీస్తుంది. సమానానికి సమానం. ఆ తర్వాత తన మీద, ఇంట్లోవాళ్ల మీద, శిష్యుల మీద ఎన్నో పదార్థాలు ప్రయత్నించి, ఎవరికి ఏమనిపించిందో వరసగా రాసుకున్నాడు. విషాలు కూడా ఉంటాయి కాబట్టి మోతాదు తగ్గించాడు. తగ్గిస్తూ తగ్గిస్తూ, ఒక చుక్కకు తొంభైతొమ్మిది నీళ్ల చుక్కలు కలిపి కుదిపి, అందులోంచి ఒక చుక్కకు మళ్లీ తొంభైతొమ్మిది.

"అక్కడే ఆగండి సాబ్" అని నేను కాగితం లాక్కునేదాన్ని. మోల్ లెక్క వేసి చూపించేదాన్ని. పన్నెండోసారి దాటాక అసలు పదార్థం ఒక్క అణువు ఉండటం కూడా అనుమానమే. మీరు ముప్ఫైసార్లు, రెండువందలసార్లు అంటున్నారు. ఇక మిగిలింది చక్కెర.

"గీ లెక్క నాకు ఎరుకే బేటీ. కాలేజీలనే మస్తు కొట్లాడినం దీని మీద" అనేవారు, ఏమాత్రం నొచ్చుకోకుండా. "గోలీ ఎట్ల పని చేస్తదో నాకు తెల్వది. పనే చెయ్యదని నువ్వంటున్నవ్. ఉండనియ్యి. చాయ్ సల్లారుతుంది."

మన దేశానికి ఇది లాహోర్ రాజు దర్బారుకు వచ్చిన ఒక యూరప్ వైద్యుడి వెంట వచ్చిందట. తర్వాత బెంగాల్ దాన్ని తలకెత్తుకుంది. కలకత్తాలో పేరున్న ఒక అల్లోపతి డాక్టరు దాన్ని సభల్లో దుమ్మెత్తిపోసి, తిట్టడానికని చదివి, చివరికి అందులోనే కలిసిపోయాడట. ఈ ముక్క చెప్పేటప్పుడు సాబ్ నా వంక ఓరగా చూసేవారు. "నన్ను అట్ల కలుపుకుందామని చూడకండి" అనేదాన్ని. గదిలో కూర్చున్న రోగులంతా నవ్వేవాళ్లు. ఆ నవ్వులు నాకు ఇష్టం. నా చదువును అంత మర్యాదగా వినేవాళ్లు నాకు కాలేజీలో కూడా లేరు.

ఇదంతా సంతోషంగా సాగుతుండగా మూడేళ్ల కిందట ఆ మార్చి నెల వచ్చింది.

ఇంటర్ పరీక్షల సమయం. పొద్దున ఇన్విజిలేషన్, మధ్యాహ్నం రివిజన్ క్లాసులు. ఇంటికొస్తే నాకు మాట్లాడే ఓపిక ఉండేది కాదు. అమ్మ ఒకరోజు ఒళ్లంతా దురదగా ఉందంది. పసుపు దుమ్ము పడితే దురద ఉంటుంది, ఏటా ఉండేదే. సబ్బుతో కడుక్కోమన్నాను. ఇంకోరోజు అన్నం సయించడం లేదంది. ఎండలన్నాను. మూత్రం ఎర్రగా వస్తోందంటే నీళ్లు తాగమన్నాను. నోరంతా చేదంది. దానికి ఏమన్నానో నాకు గుర్తు లేదు. బహుశా ఏమీ అనలేదు. ఆమె పచ్చగా కనబడుతోందా అంటే, కనబడుతూనే ఉంది. మా ఊళ్లో మార్చిలో పచ్చగా లేనిది ఎవరు?

కామెర్లను మా వైపు పసకలు అంటారు. పసుపు, పసకలు, రెండూ ఒకే ఇంట్లో పుట్టిన మాటల్లా ఉంటాయి. పసుపు ఏరే ఊళ్లో పసకలొస్తే ఎవరికీ కనబడవన్న సంగతి, ఇన్నేళ్లుగా ఇక్కడ బతుకుతూ నాకు ఒక్కసారీ తోచలేదు.

ఒక మధ్యాహ్నం రెండో క్లాసులో ఉండగా ఫోను మోగింది. డాక్టర్ సాబ్. కట్ చేశాను. మళ్లీ మోగింది, మళ్లీ కట్ చేశాను. ఏదో కొత్త వాదన దొరికి ఉంటుందిలే, ఆదివారం చూసుకుందాం అనుకున్నాను. మూడోసారి కూడా ఎత్తలేదు. ఇరవై నిమిషాల తర్వాత వాచ్‌మన్ వచ్చి, గేటు దగ్గర మీవాళ్లు ఉన్నారు మేడమ్ అన్నాడు.

గేటు బయట ఆటో. లోపల అమ్మ, దుప్పటి కప్పుకుని, ఆ ఎండలో వణుకుతోంది. పక్కన సాబ్. ఆయన పని వేళల్లో దవాఖాన తలుపు మూయడం నేనెప్పుడూ చూడలేదు. అమ్మ దురదకు గోలీలు అడుగుదామని తనంత తానే వెళ్లిందట.

"ఫోనెందుకు ఎత్తవ్ బేటీ?" అన్నారు సాబ్. ఆయన గొంతులో కోపం వినడం నాకు అదే మొదలు. "జర ఇటు చూడు."

అమ్మ అరచేయి పట్టుకుని, జేబులోంచి తడి సబ్బుముక్క తీసి రుద్దారు. పసుపు అంటిన అరచేయి ఎర్రబడింది. తర్వాత జాకెట్టు చెయ్యి కొంచెం పైకి జరిపి, జబ్బ మీద రుద్దారు. అక్కడా పచ్చగానే ఉంది చర్మం. కానీ ఎర్రబడలేదు. నురగ తుడిచినా అదే పచ్చ.

పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. క్షారాన్ని గుర్తుపట్టడానికి నేను ఏటా మొదటి సంవత్సరం పిల్లలకు చేసి చూపించే ప్రయోగం అది. పసుపు కాగితం మా ఇంటి నుంచే తీసుకెళ్తాను.

"కండ్లు చూడు" అన్నారు. అమ్మ కింది రెప్పను వేలితో దించారు. తెల్లగుడ్డు పచ్చగా ఉంది. "పసుపు ఒంటికి అంటుతది, బట్టలకు అంటుతది. కంటిగుడ్డుకు అంటదు బేటీ. మా శాస్త్రంల సమానం సమానాన్ని తీస్తదంటం. గీ ఊర్ల సమానం సమానాన్ని దాచిపెట్టింది."

అడగకూడని మాట అడిగాను. "మీరేమైనా ఇచ్చారా సాబ్? ఇవ్వండి, ఏదో ఒకటి" అన్నాను. ఏ గోలీలనైతే ఇన్నాళ్లూ చక్కెర అన్నానో, వాటినే.

"ఇయ్యలే. ఇయ్య. దొడ్డికి తెల్లగ వస్తుందట, ఇయ్యాల చలిజ్వరం మొదలైంది. లోపల ఏదో అడ్డం పడ్డది. నా గోలీ వద్దు, ఎవలన్న పసరు పోస్తమంటే గదీ వద్దు. నిజామాబాద్ తీస్కపో. ఇంటికి గూడ పోవద్దు, ఇట్లనే పో."

ఆయనే ఒక కారు మాట్లాడి పెట్టారు. నేను చేతిలో సుద్దముక్కతోనే ఎక్కేశాను. దారి పొడవునా అమ్మ తల నా ఒళ్లో ఉంది. అంత దగ్గరగా ఆమె ముఖాన్ని చూసి ఎన్నాళ్లయిందో నాకు లెక్క తెలియలేదు.

ఆసుపత్రిలో స్కానింగు తీసి, పిత్తనాళంలో రాయి ఇరుక్కుందన్నారు. రాయికి పైభాగంలో చీము పట్టడం మొదలైందట. మర్నాడే నోట్లోంచి ట్యూబు పంపి రాయి తీశారు. "ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే విషం రక్తంలోకి పాకేదమ్మా. అప్పుడు మా చేతిలో కూడా ఉండేది కాదు. ఎవరు కనిపెట్టారు?" అని అడిగాడు అక్కడి కుర్ర డాక్టరు. హోమియో డాక్టరు అన్నాను. అతను కనుబొమలెత్తాడు. అప్పటిదాకా లోకంలో ఆ కనుబొమలు ఎత్తే పని నాదే. అతని మీద నాకు మండింది.

మూడో రోజు సాబ్ బస్సెక్కి వచ్చారు, ఒక సంచీ సంత్రాలు పట్టుకుని. వార్డులో అమ్మ కాళ్ల దగ్గర స్టూలు మీద కూర్చున్నారు. నేను లేచి ఆయన కాళ్లకు దండం పెట్టబోతే గబుక్కున వెనక్కి జరిగారు.

"నేనేం జేసిన? ఒక్క గోలీ గూడ ఇయ్యలే కదా" అన్నారు.

"అందుకే సాబ్" అన్నాను. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. "ఇచ్చి ఉంటే ఆమె నమ్మి మీ గదిలోనే కూర్చునేది. మా అమ్మను నాకు మిగిల్చారు. మీ మేలు మరచిపోలేను."

ఆయన సంచీలోంచి ఒక సంత్రా తీసి తొక్క ఒలిచారు. "మా జర్మన్ సాబ్ గూడ కండ్ల ముంగట అడ్డం కనవడ్తే ముందుగాల గది తియ్యుమన్నడు. గోలీ తర్వాత. గది మస్తు మందికి యాదికుండదు" అని, తొనలు అమ్మ చేతిలో పెట్టి, నమాజు వేళవుతోందని లేచారు. మెట్ల దాకా తోడు వెళ్లాను. ఆ రోజు మేం వాదించుకోలేదు.

తిరిగొచ్చేసరికి అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని సంత్రా తింటోంది. మూడు రోజులుగా నన్ను తొలుస్తున్న మాట అప్పుడు బయటకొచ్చింది. బాధలో ఉన్నానేమో, నేరం ఆమె మీదికే తోశాను.

"మూత్రం సంగతి, దొడ్డి సంగతి, చలి సంగతి అన్నీ ఆయనకు చెప్పినవ్. ఒక్క ఇంట్లో ఉంటున్నాం. నాకెందుకు చెప్పలేదమ్మా?"

అమ్మకు కోపం రాలేదు. కోపమొస్తే బాగుండేది. తొనలోంచి గింజ తీసి పక్కన పెట్టి, మామూలుగా అంది.

"నీకూ చెప్పిన బిడ్డా, కొన్ని. నువ్వు పనిల ఉన్నవ్. చెప్తే కడుక్కో అన్నవ్, తాగు అన్నవ్. ఆయన, ఇంకేమైతుంది చెల్లే, అని అడిగిండు. అడిగితే చెప్పిన."

నేను స్టూలు ఆమె తలవైపుకు లాక్కుని కూర్చున్నాను. ఆమెను అడగడం నాకు అలవాటు లేదు.

"ఇంకేమైతుందమ్మా?" అన్నాను.

అమ్మ నా ముఖంలోకి చూసింది, నిజంగానే అడుగుతున్నానా అని. తర్వాత ఎడమ భుజం రెండేళ్లుగా పట్టేస్తోందని మొదలుపెట్టింది.